బెంజో మాత్రలు తగ్గిస్తున్నప్పుడు కాఫీ, టీ పడకపోతే ఏం చేయాలి?

"ఇన్నేళ్లుగా రోజుకి మూడు కప్పులు తాగినా ఏమీ కాలేదు. మాత్ర తగ్గించడం మొదలుపెట్టాక ఒక్క కప్పుకే గుండె దడదడలాడుతోంది. కాఫీ మానేయాలా?" అల్ప్రాజోలం, క్లోనజెపాం, లోరజెపాం, డయజెపాం లాంటి, ఆందోళనకీ నిద్రకీ ఇచ్చే బెంజోడయజెపీన్ (బెంజో) మాత్రలను డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. కొందరు తగ్గిస్తే సరిపోతుంది, కొందరికి పూర్తిగా మానితే గానీ కుదరదు, ఇంకొందరు ఏమీ మార్చక్కర్లేదు. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవడం ఎలా, తగ్గించాల్సి వస్తే ఏ వరసలో తగ్గించాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను.

మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఒక్కటి గుర్తుంచుకోండి: మాత్రను, కాఫీని ఒకే వారంలో కదపకండి. ఇందులో జరిగే తప్పుల్లో సగం అక్కడే పుడతాయి.

ఎందుకిలా అవుతుంది (క్లుప్తంగా)

మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని బెంజో మాత్రలు పెంచుతాయి. నెలల తరబడి వాడితే మెదడు దానికి అలవాటు పడుతుంది. డోస్ తగ్గగానే ఆ నెమ్మది కొంత పోయి ఆందోళన, వణుకు, నిద్రలేమి, దడ పైకి వస్తాయి. నిద్రమత్తు తెప్పించే అడెనోసిన్ అనే మరో రసాయనానికి కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ అడ్డుపడుతుంది. దాని ఫలితాలు కూడా దడ, వణుకు, నిద్ర పట్టకపోవడమే. అంటే రెండూ ఒకే వైపు తోస్తాయి. అదీగాక, ఇన్నాళ్లూ మాత్ర మీ కాఫీ ఉద్రేకాన్ని కొంత అణిచి ఉంచింది. ఆ అడ్డు తగ్గేసరికి పాత కప్పే కొత్తగా ఘాటెక్కినట్టు అనిపిస్తుంది. మొదటినుంచీ పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం) సమస్య ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. పానిక్ డిజార్డర్ ఉన్నవారికి 400 మి.గ్రా. పైచిలుకు కెఫీన్ ఒకేసారి ఇచ్చి చూసిన పరిశోధనల్లో దాదాపు సగం మందికి పానిక్ అటాక్ వచ్చింది.

మొదలుపెట్టే ముందు

మాత్రను ఉన్నట్టుండి ఆపేయడం ప్రమాదం. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందులన్నిటి పైనా ఈ హెచ్చరికను పెట్టె గీసి మరీ ముద్రించాలని ఆదేశించింది. అక్కడి వైద్య సంఘాలు కలిసి 2025లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, మొదట్లో డోస్‌ను 2 నుంచి 4 వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించడం గురించి ఆలోచించాలి. రెండు వారాల్లో 25 శాతం మించి తగ్గించకూడదు. మీ లెక్క మీ డాక్టరు వేస్తారు. నేను చెప్పేది కాఫీ వైపు సంగతి మాత్రమే.

కింది వాటిలో ఏదైనా మీకు వర్తిస్తే కెఫీన్ మోతాదు మార్చే ముందే డాక్టరుకి చెప్పండి.

- లిథియం వాడుతున్నారా? కెఫీన్ మానితే రక్తంలో లిథియం స్థాయి పెరుగుతుంది.
- క్లోజాపిన్ వాడుతున్నారా? కాఫీ మానితే దాని స్థాయి పడిపోవచ్చు.
- ఆస్తమాకి థియోఫిలిన్, డిప్రెషన్‌కో ఓసీడీకో ఫ్లువోక్సమిన్, ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లాక్సాసిన్ వాడుతున్నారా? ఇవి కాలేయంలో కెఫీన్ కరిగే దారిలోనే అడ్డం తగులుతాయి. ముఖ్యంగా ఫ్లువోక్సమిన్ వాడుతుంటే ఒక కప్పు ప్రభావం రోజంతా ఉండిపోవచ్చు.
- గర్భవతులా, గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నారా? రెండిటిలోనూ కెఫీన్ ఒంట్లోంచి పోవడానికి బాగా ఎక్కువ సమయం పడుతుంది.

కావలసినవి

- చిన్న నోట్‌బుక్. ఫోన్ కంటే కాగితమే నయం, రాత్రి మెలకువ వచ్చినప్పుడు వెలుగు కళ్లలో పడదు.
- మి.లీ. గీతలున్న కొలత గ్లాసు, ఒక టీస్పూను
- సెకన్ల ముల్లున్న గడియారం
- డీకాఫ్ కాఫీ పొడి, అంటే కెఫీన్ చాలావరకు తీసేసిన పొడి (దొరికితే)
- మీ డాక్టరు రాసిచ్చిన డోస్ షెడ్యూల్

దశ 1: అసలు ఎంత తాగుతున్నారో కొలవండి

"రెండు కప్పులే" అనే మాటని నేను నమ్మను. మీరూ నమ్మకండి. రోజూ తాగే కప్పు నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లని కొలత గ్లాసులోకి ఒంపి చూడండి. 150 అనుకున్నది 300 మి.లీ. తేలడం మామూలే. ఇన్‌స్టంట్ పొడి అయితే స్పూనుతో తీసి, అంచుని చాకుతో గీసి సమంగా చేస్తే ఎంత, రోజూ గోపురంలా తీసేది ఎంత అని పక్కపక్కన పోసి చూడండి. తేడా కళ్లకే తెలుస్తుంది.

ఇవి సుమారు లెక్కలు. పొడిని బట్టి, మరిగించిన తీరుని బట్టి అటూ ఇటూ అవుతాయి.

- వడకట్టిన కాఫీ, 240 మి.లీ.: 95 మి.గ్రా.
- ఇన్‌స్టంట్ కాఫీ, ఒక టీస్పూను పొడితో: 60 మి.గ్రా.
- ఎస్ప్రెసో, ఒక షాట్: 60 మి.గ్రా. పైచిలుకు
- టీ, 240 మి.లీ.: 45 నుంచి 50 మి.గ్రా.
- గ్రీన్ టీ, 240 మి.లీ.: 30 మి.గ్రా.
- కోలా, 355 మి.లీ. డబ్బా: 35 మి.గ్రా.
- ఎనర్జీ డ్రింక్, 250 మి.లీ.: 80 మి.గ్రా.
- డీకాఫ్, ఒక కప్పు: 2 నుంచి 15 మి.గ్రా. (సున్నా కాదు!)

పొద్దున రెండు స్పూన్ల ఇన్‌స్టంట్ కాఫీ, పదకొండింటికి టీ, మూడింటికి మళ్లీ రెండు స్పూన్ల కాఫీ అనుకోండి. మాటల్లో మూడు కప్పులే, లెక్కలో దాదాపు 285 మి.గ్రా. ఆరోగ్యవంతులైన పెద్దలకి రోజుకి 400 మి.గ్రా. వరకు ఫర్వాలేదని అంటారు. ఆ అంకె మాత్ర తగ్గిస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని చెప్పింది కాదు, కాబట్టి దాన్ని చూసి ధీమా పడొద్దు.

దాక్కున్న కెఫీన్‌నీ వెతకండి. కొన్ని తలనొప్పి మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు కెఫీన్ ఉంటుంది, మైగ్రేన్‌కి ఇచ్చే ఎర్గోటమిన్ మాత్రల్లోనూ ఉంటుంది. బరువు తగ్గించే క్యాప్సూళ్లు, జిమ్‌కి ముందు తాగే పొడులు, గ్వారానా (కెఫీన్ ఉండే ఒక మొక్క గింజ) ఉన్న పానీయాలు, డార్క్ చాక్లెట్ కూడా ఈ జాబితాలోవే. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ కెఫీన్ కాకపోయినా దడ పుట్టించగలవు. దాంతో నింద కాఫీ మీద పడుతుంది.

దశ 2: వారం రోజులు ఏమీ మార్చకుండా రాయండి

రోజూ రాయాల్సినవి ఇవీ: మాత్ర వేసుకున్న సమయం, కెఫీన్ తీసుకున్న సమయం, మి.గ్రా. ఎంత, దడా వణుకూ ఏ గంటకి వచ్చాయి (0 నుంచి 10లో ఎంత), ఎప్పుడు పడుకున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. పొద్దున మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి, తప్పు కూడా నాలుగింతలవుతుంది.

ఈ వారం డోస్ మారకూడదు. ఈమధ్యే తగ్గించి ఉంటే కాస్త ఆగి మొదలుపెట్టండి. డయజెపాం లాంటివి ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతాయి. తగ్గించిన ప్రభావం వారం దాటాక కూడా బయటపడొచ్చు. ఆ రోజు పొద్దున తాగిన కాఫీకి దానితో ఏ సంబంధమూ ఉండకపోవచ్చు.

దశ 3: కాఫీని రెండు గంటలు జరిపి చూడండి

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే. తొలి కప్పుని రోజూ తాగే వేళ కంటే రెండు గంటలు ఆలస్యంగా తాగండి. కప్పు అదే, మోతాదు అదే, మాత్ర వేళ అదే. మూడు నాలుగు రోజులు ఇలా చేసి నోట్‌బుక్ చూడండి.

దడ కూడా రెండు గంటలు జరిగిందా? అయితే కాఫీయే. కెఫీన్ తాగిన అరగంట నుంచి గంటలోపు రక్తంలో పతాకస్థాయికి చేరుతుంది కాబట్టి ఆ వేళకి దడ ఎక్కడం స్పష్టంగా కనిపిస్తుంది.

దడ మాత్రం పాత వేళకే, కాఫీ తాగకముందే వచ్చేసిందా? అయితే కాఫీని వదిలి మాత్ర వైపు చూడాలి. ముఖ్యంగా అల్ప్రాజోలం ప్రభావం త్వరగా తగ్గిపోతుంది. రాత్రి వేసుకున్నది తెల్లారేసరికి సన్నగిల్లుతుంది. లేవగానే వచ్చే గాభరా ఆ ఖాళీ వల్ల కావచ్చు. రోజూ అదే సమయానికి కాఫీ తాగుతుంటారు కనుక దోషం దాని మీదకి పోతుంది. ఇలా తేలితే కాఫీ మానుకుని లాభం లేదు. మొత్తం డోస్ మార్చకుండా వేసుకునే వేళల్ని సర్దడమా, మరో మందుకి మారడమా అన్నది డాక్టరుతో మాట్లాడాలి. వేళలు సొంతంగా మార్చకండి.

రెండూ కలగలిసి ఉంటే (తరచూ అంతే) దశ 4కి వెళ్లండి.

జాగ్రత్త: జరిపిన రోజుల్లో తలనొప్పి వస్తే అది కెఫీన్ ఆలస్యమైనందుకు కావచ్చు. దాన్ని దడతో కలపకుండా వేరుగా రాయండి.

దశ 4: ముందు మధ్యాహ్నం తర్వాతి కప్పు తీసేయండి

మొత్తం తగ్గించే ముందు వేళ సరిచేయండి. చాలామందికి దీనితోనే సగం బాధ తీరుతుంది. కెఫీన్ సగం కరగడానికి సుమారు 5 గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. మూడింటికి 120 మి.గ్రా. తాగితే రాత్రి ఎనిమిదికి 60, ఒంటిగంటకి 30 మి.గ్రా. ఇంకా ఒంట్లో ఉంటుంది. అంటే నిద్రపోవాల్సిన వేళకి ఇంచుమించు ఒక డబ్బా కోలా తాగినట్టే. పడుకోవడానికి 6 గంటల ముందు తీసుకున్న 400 మి.గ్రా. కెఫీన్ నిద్రని గంటకు పైగా కోసేసిందని 2013లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అందులో పాల్గొన్నవాళ్లు మామూలుగా నిద్రపోయేవాళ్లే. మీ నిద్ర ఇప్పటికే పలచబడి ఉంది.

చివరి కప్పు మధ్యాహ్నం 12 లోపు ముగించండి. ఖాళీ కడుపుతో తాగొద్దు, ఏదైనా తిన్నాక తాగితే కెఫీన్ కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది. ఒకేసారి పెద్ద కప్పు బదులు రెండు చిన్న భాగాలుగా తాగడం కూడా కొందరికి సరిపోతుంది.

దశ 5: ఇంకా దడ ఉంటే మెల్లగా తగ్గించండి

మూడు నాలుగు రోజులకోసారి, మొదలుపెట్టిన మొత్తంలో నాలుగో వంతు చొప్పున. 300 మి.గ్రా. తాగేవారైతే 225, తర్వాత 150, తర్వాత 75, ఆపైన సున్నా. 75 దగ్గరే హాయిగా ఉంటే అక్కడే ఆగండి, సున్నాకి చేరాలన్న నియమం ఏమీ లేదు.

దీనికి డీకాఫ్ కలపడం సులువైన పద్ధతి. నాలుగు స్పూన్ల మామూలు పొడికి బదులు మూడు మామూలుది, ఒకటి డీకాఫ్ కలిపి డబ్బాలో పెట్టుకోండి. తర్వాతి విడతలో సగం సగం. రుచీ, చేతిలో కప్పూ, తాగే వేళా మారవు కాబట్టి మనసు పెద్దగా మొరాయించదు. డీకాఫ్ దొరకకపోతే పొడి తగ్గించండి లేదా కాఫీ నుంచి టీకి మారండి. అయితే ఒక కాఫీ బదులు మూడు టీలు తాగితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

కాఫీని ఒక్కసారిగా ఆపకండి. కెఫీన్ మానడానికీ విత్‌డ్రాయల్ (అలవాటైనది మానినప్పుడు ఒంట్లో కలిగే బాధలు) ఉంది. ఆపిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండో రోజుకి ముదిరి, 2 నుంచి 9 రోజులు ఉంటుంది. రోజుకి 100 మి.గ్రా. తాగేవారికీ రావచ్చు. తలనొప్పి, నీరసం, చికాకు, ఏకాగ్రత కుదరకపోవడం, జ్వరం వచ్చేముందులా ఒళ్లు నొప్పులు దీని లక్షణాలు. బెంజో విత్‌డ్రాయల్‌తో దీనికి ఎంత పోలిక ఉందో చూశారుగా! ఉన్నట్టుండి మానేసి, మూడో రోజు "మాత్ర తగ్గించడం నా వల్ల కావట్లేదు" అనే నిర్ణయానికి వచ్చేవాళ్లు చాలామంది. చాలాసార్లు అది మాత్ర గొడవ కాదు, కాఫీ తలనొప్పి.

మినహాయింపు: తాగిన ప్రతిసారీ తట్టుకోలేనంత దడ, పానిక్ వస్తుంటే విడతల మధ్య రోజులు తగ్గించండి. తలనొప్పి రెండు మూడు రోజులు భరించడమే మేలు. తలనొప్పికి మాత్ర వేసుకోవాల్సి వస్తే కెఫీన్ లేని పారాసిటమాల్ అని చీటీ చదివి మరీ తీసుకోండి.

దశ 6: ఇదంతా జరుగుతున్నంతసేపు డోస్ కదపొద్దు

కాఫీ తగ్గించడం మొదలైన దగ్గర్నుంచి చివరి విడత తర్వాత పది రోజుల వరకు, అంటే సుమారు మూడు వారాలు, మాత్ర డోస్ అక్కడే ఉండాలి. తర్వాతి కోత తేదీ దగ్గరపడుతుంటే డాక్టరుని అడిగి దాన్ని వాయిదా వేయించుకోండి. లేదా ఆ కోత అయ్యి, ఒళ్లు కుదుటపడ్డాక కాఫీ పని మొదలుపెట్టండి. ఏది ముందైనా ఫర్వాలేదు, రెండూ కలవకపోతే చాలు.

సిగరెట్ తాగేవారికి ఇంకో మాట. పొగలోని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ని త్వరగా కరిగించే ఎంజైమ్‌ని పెంచుతాయి. సిగరెట్ మానగానే ఆ వేగం పోయి, అదే కప్పు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. నికోటిన్ ప్యాచ్ వాడినా ఇది ఆగదు, ఎందుకంటే ఆ పని చేసేది నికోటిన్ కాదు, పొగ. "అన్నీ ఒకేసారి మానేసి కొత్త జీవితం" అనే ఉత్సాహం మంచిదే గానీ, మాత్రా కాఫీ సిగరెట్టూ ఒకే నెలలో మానబోయేవాళ్లని నేనైతే ఆపుతాను.

తరచూ జరిగే తప్పులు

కాఫీ దడ తగ్గాలని మాత్ర అదనంగా వేసుకోవడం అన్నిటికంటే చేటు. డోస్ ఒకరోజు పెరిగి ఒకరోజు తగ్గితే టేపర్ (మాత్రను మెల్లగా తగ్గించే క్రమం) మొత్తం గజిబిజి అవుతుంది. కాఫీ దడ కొన్ని గంటల్లో దానంతటదే దిగుతుంది. నీళ్లు తాగండి, మెల్లగా నడవండి, ఊపిరి వదలడాన్ని తీసుకోవడం కంటే ఎక్కువసేపు సాగదీయండి.

దీనికి తిరగేసిన తప్పు, పగటి మత్తు పోవాలని కాఫీ పెంచడం. నిద్రమత్తు పోయినట్టు అనిపించినా మాత్ర వల్ల మందగించిన చురుకుదనం పూర్తిగా తిరిగి రాదు. ఆ ధైర్యంతో బండి నడపకండి. పగలు అంత మత్తుగా ఉంటే డాక్టరుకి చెప్పాల్సిన విషయం అది.

నిద్ర కోసం మద్యం తాగడం గురించి వేరే చెప్పక్కర్లేదు. బెంజోతో కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

ఇక "నాకు జన్మలో కాఫీ పడదు, నా నరాలు పాడైపోయాయి" అనే నిర్ణయం. నెల రోజులు మానిన ఎవరికైనా కాఫీకున్న అలవాటు తగ్గి, పాత కప్పు ఘాటుగా తగులుతుంది. అది నరాలు పాడైన గుర్తు కాదు.

ఫలితం ఎలా చూసుకోవాలి

చివరి విడత తర్వాత పది పన్నెండు రోజులు గడిచాక దశ 2లో రాసినట్టే మళ్లీ వారం రాయండి. రెండు వారాల కాగితాలు పక్కపక్కన పెట్టండి. ఒక్క మంచి రోజునో ఒక్క చెడ్డ రోజునో చూడకండి, వారం సగటు చూడండి. విత్‌డ్రాయల్‌లో కారణం లేకుండానే మంచి రోజులూ చెడ్డ రోజులూ వచ్చిపోతుంటాయి.

దడ అంకె, రాత్రి మెలకువలు, పొద్దుటి నాడి, ఈ మూడింటిలో రెండైనా స్పష్టంగా తగ్గాయా? కాఫీ పాత్ర ఉన్నట్టే. టేపర్ ముగిసేదాకా ఇప్పుడున్న మోతాదులోనే ఉండండి. ఏమీ మారలేదా? అయితే కాఫీ కారణం కాదు, కాబట్టి పొద్దుటి కప్పుని తిరిగి తెచ్చుకోవచ్చు. లాభం లేని త్యాగం దేనికి? ఆ కాగితాలు మాత్రం డాక్టరుకి చూపించండి. కోత వేగం ఎక్కువైందా, థైరాయిడ్ లాంటిది ఇంకేమైనా ఉందా అని చూడటానికి అవి పనికొస్తాయి.

ఇవి కనిపిస్తే కాఫీ లెక్కలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి

ఫిట్స్, స్పృహ తప్పడం, ఎక్కడున్నారో తెలియని అయోమయం, లేనివి కనిపించడం వినిపించడం, ఒళ్లంతా వణుకుతూ ఎక్కువ జ్వరం, ఛాతీ నొప్పి, చచ్చిపోవాలన్న ఆలోచనలు. ఇంట్లోవాళ్లకి ఈ జాబితా ముందే చదివి వినిపించండి. ఫిట్స్‌గానీ అయోమయంగానీ వచ్చినప్పుడు మీకు మీరుగా గుర్తుపట్టలేరు.

దశ 7: మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే

టేపర్ పూర్తయి, కొన్ని వారాలు నిలకడగా గడిచాక ప్రయత్నించండి. తిన్న తర్వాత, ఉదయం పూట, 20 నుంచి 30 మి.గ్రా. అంటే అర స్పూను ఇన్‌స్టంట్ పొడి లేదా అర కప్పు టీ. మూడు రోజులు అంతే ఉంచి, ఆ రాత్రుల నిద్ర ఎలా ఉందో రాయండి. బాగుంటే ఇంకో అర స్పూను కలపండి. బాగోకపోతే ఆపేసి నెల తర్వాత చూడండి. ఎనర్జీ డ్రింక్‌తో మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఒక డబ్బాలోనే 80 మి.గ్రా. ఉంటుంది, చల్లగా ఉంటుంది కాబట్టి రెండు నిమిషాల్లో గొంతు దిగిపోతుంది.